కొత్త తెర, కొత్త కోడలు

కొత్త కుండను సంతనుండి తెచ్చుకొన్న యిల్లాలు దానిని ఆ పూటనే పొయ్యిమీది కెక్కింపదు. ఒక రాత్రి నీటిలో నానవేసి, మఱునాడు గంజి పోసి సన్నని సెగపై కాచి దింపి, అటుపిమ్మటగాని అందులో అన్నము వండదు. ఇనుప పెనమునకు నూనె రాచి, ఉల్లిపాయ చెక్కతో రుద్ది, మొదటి రెండు మూడు అట్లు అంటుకొని చినిగిపోయినను దానిని తిట్టక, నాలుగు దినములు ఓపిక పట్టును. కోడెకు కాడి అలవాటు చేయు రైతు పని యెఱుగని రెండు కోడెలను ఒకే కాడికి కట్టడు. దున్నుట నేర్చిన ముసలి యెద్దును దానికి జతచేసి, ముందు వట్టి కాడితోను, పిదప తేలిక బరువుతోను నడిపించును. నైలాను రాకమునుపు తీరమందలి పల్లెవారు కొత్త నూలువలలను చెట్టుబెరళ్ల కషాయములో కాచి, ఎండబెట్టి, ఆ తరువాతనే ఉప్పునీటికి అప్పగించెడివారు. ఈ పని కంతటికిని మన భాషలో మప్పుట యని ఒక చక్కని మాట కలదు. కొత్తదానికిని దాని పనికిని నడుమ కొంత వ్యవధి నిచ్చి, ఆ వ్యవధిలో దానిపై కొంత దయ చూపుట యని దాని యర్థమని మేము చిరకాలము అనుకొనుచుంటిమి.

ఈ దయ ఎవరికి లభించును, ఎవరికి లభింపదు అను ప్రశ్న మాకు పుస్తకములు చదువుటవలన పుట్టలేదు. శ్రీకాకుళము జిల్లా ఇచ్ఛాపురము మండలమున, సముద్రపుటొడ్డున నున్న డొంకూరు గ్రామములో, ఒక యింటి ముందుగది గోడకు తగిలించిన టెలివిజనును చూచునప్పుడు పుట్టెను. ఆ యింటివారి పేరులు ఇచ్చట అక్కఱలేదు. వారు చెడ్డవారు కారు. ఆ మాట ముందుగనే చెప్పుచున్నాము. ఏలయన చదువరులు వారిని చెడ్డవారినిగా నెంచి, ఇది మన యింటి సంగతి కాదుగదా యని తృప్తిపడుటకు మేము అవకాశ మీయదలచుకొనలేదు.

2013 ఫిబ్రవరిలో, మాఘమాసపు ముహూర్తములలో, ఆ యింటి పెద్దకుమారునికి పెండ్లి జరిగెను. మా మిత్రుడొకడు ఆ ప్రాంతమున ఉపాధ్యాయుడు. అతని వెంట మేము పెండ్లియైన పదియవనాడు వారింటికి పోతిమి. కొద్దిపాటి కొబ్బరితోట, ఒక పడవలో వాటా, పెద్దవానికి ఓడలలో ఉద్యోగము, చిన్నవానికి బరంపురమున కళాశాల చదువు. ఇది వారి స్థితి. కోడలు ఉద్దానములో మఱియొక గ్రామపు పిల్ల. ఇంటర్మీడియేటు మొదటి తరగతిలో ముగించినది. సారెతోబాటు ఆమె తండ్రి బరంపురములో కొనిపెట్టిన 42 అంగుళముల ప్లాస్మా టెలివిజనును వచ్చెను. ఇది కట్నమా యని మేము అడిగితిమి. కాదు, ముచ్చట యని జవాబు వచ్చెను. 1961లో వరకట్న నిషేధ చట్టము పుట్టినది మొదలు మన దేశమున కట్నములు తగ్గెనో లేదో కాని, ముచ్చటలు మాత్రము పెరిగినవి. ఆ ముచ్చట తీర్చుటకు పిల్ల తండ్రి జీడితోటలో కొంత భాగమును తాకట్టు పెట్టెనని మా మిత్రుడు తోవలో చెప్పెను.

మేము పోవునప్పటికి ఆ యింట నొక వ్రతము సాగుచుండెను. పెట్టెతో వచ్చిన చిన్నపుస్తకములో, కదలని బొమ్మను తెరపై ఎక్కువసేపు నిలుపరాదని యుండెను. చిన్నవాడు అంతటితో తృప్తిపడక, తెలిసినవారి నడిగి, అంతర్జాలమున వెదకి, ఒక నియమావళిని కట్టి గోడమీద అంటించెను. మొదటి రెండువందల గంటలు తెర వెలుగును సగమునకు మించనీయరాదు. మూలను ముద్ర కదలక నిలుచు చానలును పావుగంటకంటె చూడరాదు. వార్తల చానలులో అడుగున పట్టీ యుండును గనుక అది పనికిరాదు. పైని క్రింద నల్లని చారలు వచ్చు సినిమాలును పనికిరావు. మూడు గంటలకొకమాఱు ఆపి చల్లాఱనీయవలెను. రాత్రి అందఱు పండుకొన్న తరువాత ఎఱుపు, ఆకుపచ్చ, నీలము, తెలుపు పలకలను ఒకదాని వెంట నొకటి చూపించుచు కొంతసేపు నడపవలెను. దినమునకు నాలుగు గంటల చొప్పున లెక్కవేసికొని, ఏప్రిలు 15న సముద్రముపై వేట నిషేధము మొదలగు వేళకు వ్రతము ముగియునని అతడు పంచాంగము చెప్పినట్లు చెప్పెను.

మామగారికి ఇది రుచింపలేదు. ఆయన వార్తలు చూడగోరెను, వాతావరణము వినగోరెను. "ఈ పెట్టి సూసుకోడానికా, దాసుకోడానికా?" అని ఆయన అడిగిన ప్రశ్న సామాన్యమైనది కాదు. అటుకమీద మూటగట్టిన యిత్తడి పళ్లెములు, మడత విప్పకుండనే చిమటలు తిన్న పట్టుచీరలు, ప్లాస్టికు తొడుగు తీయకుండనే కాళ్లు విఱిగిన కుర్చీలు లేని మధ్యతరగతి యిల్లు ఆంధ్రదేశమున మేము చూడలేదు. వస్తువును కాపాడుటలో మనము దాని ప్రయోజనమును మఱచిపోవుదుము. అయినను కుఱ్ఱవాని జాగ్రత్తలో కొంత శాస్త్రము లేకపోలేదు. దానిని న్యాయముగా చెప్పవలెను.

ప్లాస్మా తెర యనగా రెండు గాజుపలకల నడుమ లక్షలకొలది సూక్ష్మమైన గదులు. ఒక్కొక్క గదిలో నియాను, జెనాను వాయువులు నింపబడి యుండును. విద్యుత్తు తగిలినప్పుడు ఆ వాయువు ప్లాస్మా యను స్థితినొంది, కంటికి కనబడని అతినీల కిరణములను వెదజల్లును. ఆ కిరణములు గది గోడకు పూసిన పదార్థముపై పడగా అది ఎఱ్ఱగానో పచ్చగానో నీలముగానో వెలుగును. ఇళ్లలో గొట్టపు దీపము వెలుగు పద్ధతియు ఇంచుమించు ఇదియే. వెలిగినకొలది ఆ పూత కొంచెము కొంచెముగా అరుగును. అరుగుదల మొదటిదినములలో తొందరగాను, పిదప మెల్లగాను సాగును. తెరయంతయు సమానముగా అరిగినచో ఎవరికిని తెలియదు. ఒకచోట ఒకే ముద్ర గంటలకొలది వెలిగెనేని, ఆ గదులు మాత్రము ఎక్కువగా అరిగి, తక్కినచోట్లతో పోల్చినప్పుడు మచ్చవలె కనబడును. కొన్ని నీడలు కొంతసేపటికి పోవును; కొన్ని పోవు. రైల్వేస్టేషనులలో బండ్ల వేళలు చూపు పాతకాలపు తెరలపై, ఆపివేసిన తరువాతకూడ వరుసల గీతలు కనబడుట చదువరులలో పెద్దవారు చూచియుందురు. ఆ తెరలు వేఱు రకమువి. జబ్బు మాత్రము ఒకటే.

ఈ యంత్రపు పుట్టుక మాకొక వింతగా తోచును. 1964లో అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయమున బిట్జరు, స్లాటో, విల్సను అను మువ్వురు దీనిని కనిపెట్టిరి. ఇంటింట సినిమాలు చూపుటకు కాదు. కంప్యూటరు మూలమున విద్యార్థులకు పాఠములు చెప్పు నొక యేర్పాటునకు తగిన తెర కావలసి కనిపెట్టిరి. ఆ యేర్పాటు పేరు ప్లేటో. చదువు చెప్పుటకు పుట్టిన తెర, చదువుకొన్న పిల్లకు సారెగా డొంకూరు చేరెను.

ఇక రంగుల పలకల వ్రతమున అవసరమెంత, భయమెంత యనుదానిలో ప్లాస్మా తెరలు వాడినవారిలోనే ఏకాభిప్రాయము లేకుండెను. కొందఱు అది లేనిదే తెర చెడునని నమ్మిరి. కొందఱు సామాన్యముగా వాడుకొనుచు, ఒకే బొమ్మను నిలుపకున్న చాలుననిరి. మాకు రెండవవారి మాటయే సబబుగా తోచుచున్నది. కాని ఆచారము పుట్టుటకు మన పురోహితులే యుండనక్కఱలేదనియు, విద్యుత్తుతో నడచు వస్తువుచుట్టును మడి, ముట్టు, పథ్యము ఏర్పడగలవనియు ఆ యింట కన్నులార చూచితిమి. గోడమీది నియమావళికి పసుపు బొట్టు పెట్టుట మాత్రమే తక్కువ.

ఆనాటి సాయంకాలము అయిదు గంటలనుండి మేము ఆ ముందుగదిలో కూర్చుంటిమి. తెరపై సముద్రగర్భపు చేపలను చూపుచుండిరి. ఎనిమిది గంటలకు చిన్నవాడు లేచి, పెట్టె వెనుక చేయి పెట్టి చూచి, వేడెక్కినదనెను. వెంటనే అందఱు ఒక్కమాటగా దానికి సెలవిమ్మనిరి. మామగారుకూడ అనిరి. తెర చల్లబడెను. ఆ గదికిని వంటింటికిని నడుమనున్న గడపవద్ద కోడలు నిలుచుండి చూచుచుండుట మేము అప్పుడు గమనించితిమి. పది దినములలో ఆమె తన తండ్రి యిచ్చిన ఆ పెట్టె యెదుట ఒక్కమాఱును కూర్చుండలేదని ఆ యింటి చిన్నపిల్లయొకతె, దాపరికము తెలియనిది గనుక, మాతో చెప్పెను. ఆమె తెల్లవాఱుజామున నాలుగు గంటలకు లేచినది. వాకిలి ఊడ్చి, నీళ్లు మోసి, పదకొండుమందికి వండినది. మాకు మూడవమాఱు టీ తెచ్చినదియు ఆమెయే. తెరకు సెలవు దొరకినప్పుడు ఆమె పెరటిలోనికి పోయి, దీపము క్రింద కూర్చుండి, రాత్రి కూరకు చేపల పొలుసు గీయ నారంభించెను.

మా మిత్రుడు, ఎగతాళిగా తీసికొందురేమోయని జంకుచునే, పిల్లకు కూడ కొంచెము సెలవీయరాదా యని అత్తగారి నడిగెను. ఆమె నవ్వి, "కొత్తలోనే మప్పాల బాబూ. తరవాత వంగదు" అనెను.

మా చెవులలో ఆ మాట నేటికిని నిలిచియున్నది. కుఱ్ఱవాడు తెర విషయమున చేయుచున్నదియు మప్పుటయే. అత్తగారు కోడలి విషయమున చేయుచున్నదియు మప్పుటయే. ఒకచోట ఆ మాటకు భారము తగ్గించుట యని యర్థము. మఱియొకచోట భారము ముందుగనే మోపుట యని యర్థము. ఒకే యింట, ఒకే వారమున, ఒకే బండిలో దిగిన రెండు కొత్త రాకలకు ఒకే మాటను ఇట్లు రెండు విధములుగా వాడుట యెట్లు సంభవించెను?

వెలయే కారణమని కొందఱందురు. డబ్బుపోసి కొన్నదానిని కాపాడుకొందురు, ఊరక వచ్చినదానిని లక్ష్యపెట్టరు అను సిద్ధాంతము లోకమున వ్యాప్తిలో నున్నది. కాని ఆ పెట్టెకును ఆ యింటివారు కాసైనను వెచ్చింపలేదు. రెండును ఊరకయే వచ్చినవి. కావున ఈ కారణము నిలువదు.

అజ్ఞానము కారణమా? అదియు కాదు. పిల్ల అలసిపోవునని తెలియనివారు ఆ యింట ఎవరును లేరు. అత్తగారు తాను కోడలై వచ్చిన మొదటి వేసవిలో నీళ్లబిందెతో బావివద్ద సొమ్మసిల్లి పడిన సంగతిని ఆ రాత్రియే మాకు నవ్వుచు చెప్పెను.

మాకు తోచిన కారణములు రెండు. మొదటిది, తెరకు కలిగిన హాని తెరమీదనే కనబడును. చుట్టము వచ్చినను, పొరుగువాడు వచ్చినను, అదేమి మచ్చ యని అడుగును. యజమానునికి నామోషీ. పిల్లకు కలిగిన హాని కనబడదు. కనబడనీయకుండుటయే ఆమె గుణమని ఆమెకు చిన్ననాటినుండి నేర్పియున్నాము. అలసట కనబఱచిన పిల్ల గయ్యాళి, కనబఱుపనిది ఓర్పుగలది. మచ్చను దాచుకొను విద్యకు ఓర్పు అని పేరు పెట్టి, ఆ విద్యలో ఆడపిల్లలకు మార్కులు వేయుచున్నాము. దయ కంటికి కనబడు చోటికే పోవును గనుక, దాచగలిగినవారికి అది చేరదు.

రెండవది ఇంకను లోతైనది. తెర తన్ను తాను సర్దుకొనలేదు. దాని పూత అరుగునదే; ఎన్ని మాటలు చెప్పినను మానదు. కావున ఇంటివారు సర్దుకొనిరి. మామగారు వార్తలు మానుకొనిరి. పిల్లలు కార్టూనులను పావుగంటకు తగ్గించుకొనిరి. పదకొండుమందిగల సంసారము ఏబది దినములు ఒక గాజుపలక స్వభావమునకు లోబడెను. పిల్ల సర్దుకొనగలదు. ఆకలి అణచుకొనగలదు, నిద్ర అణచుకొనగలదు, నిలుచుండియే టెలివిజను చూడగలదు. సర్దుకొనగలదు గనుక సర్దుకొనవలసినది ఆమెయే యని తీర్మానమయ్యెను. ఓర్వలేనిదానికి హక్కును, ఓర్వగలదానికి పనియు ఇచ్చు ఈ ధర్మము ఆ ఒక్క యింటిది కాదు. కచేరీలో పని తెలిసినవాని బల్లమీదనే కాగితములు పేరుకొనును. నలుగురన్నదమ్ములలో తల్లిదండ్రుల రోగము కనిపెట్టుకొనువాడు ఒక్కడే యుండును. వానికి చేతనగును గనుక. ఒకడు చేయగలడనుట ఒక వాస్తవము. వాడే చేయవలెననుట ఒక విధి. ఈ రెంటి నడుమ పెద్ద అగడ్త యున్నది. దానిని మనము రోజుకు నూఱుమాఱులు, అగడ్త యున్నదను తలపే లేక, దాటుచున్నాము.

మనుష్యురాలిని వస్తువుతో పోల్చుట అవమానము కాదా యని ఎవరైన అడుగవచ్చును. అవమానమే. మేము పోల్చుట చేత కలిగిన అవమానము కాదది. పోల్చినప్పుడు వస్తువునకే ఎక్కువ వచ్చుటచేత కలిగిన అవమానము. పోలిక అన్నిచోట్ల నడవదనియు మే మెఱుగుదుము. పూత అరిగిన తెరకు పూర్వపు వెలుగు రాదు. మనుష్యుడు నిద్రించి లేచును, మఱచును, క్షమించును, నేర్చును. ఇంటిరీతి నేర్చుకొనవలదా యను వారికి, నేర్చుకొనవలసినదే యని మా జవాబు. కోడెయు దున్నుట నేర్చుకొనును. కాని రైతు దానికి ముసలి యెద్దును తోడిచ్చును. ఆ పిల్లకు తోడుగా కాడి పట్టినవారెవరు? పెండ్లికొడుకు పదునాఱవనాడు ఓడ యెక్కవలసి యుండెను.

ఇంతదూరము వ్రాసి, మా సంగతి చెప్పకుండుట న్యాయము కాదు. మా యింటికి పెద్దకోడలు వచ్చిన మూడవనాడు, మా స్నేహితులు పదిమంది భోజనమునకు రాగా, ఆమెచేతనే వడ్డింపించితిమి. ఆమె చేతికి గోరింటాకు పండుట ఇంకను తగ్గలేదని చూచి మురిసిపోయితిమి. ఆ భోజనానంతరము సాగిన సంభాషణ స్త్రీవిద్యను గుఱించినది. అందులో మేమే ఎక్కువగా మాటలాడితిమి. ఆమె ఆ రాత్రి ఎన్ని గంటలకు తినెనో మాకు నేటికిని తెలియదు. అడుగ ధైర్యము చాలలేదు.

డొంకూరికి తిరిగి పోవుదము. వ్రతము అనుకొన్నట్లే ఏప్రిలులో ముగిసెను. గోడమీది కాగితమును చింపివేసిరి. దానితో జాగ్రత్తయు పోయెను. 2013 జూలై 30న ప్రత్యేక తెలంగాణమునకు కాంగ్రెసు కార్యవర్గము సమ్మతించినది మొదలు ఆంధ్రదేశమున వార్తలు చూడని యిల్లు లేదు. ఆ యింట మామగారు ఫిబ్రవరినుండి అణచుకొన్న కోరిక నంతయు తీర్చుకొనిరి. ఉదయము కాఫీ మొదలు రాత్రి పక్కవఱకు ఒకే చానలు. మూలను ఒకే ముద్ర. అడుగున ఒకే యెఱ్ఱపట్టీ. అక్టోబరు మొదటివారమున విద్యుదుద్యోగులు సమ్మె చేసినప్పుడు కరెంటులేని గంటలలో మాత్రమే దానికి విశ్రాంతి దొరకెను. ఆ ధోరణి 2014 జూన్ 2న రాష్ట్రము రెండైన తరువాతకూడ తగ్గలేదు. క్రమముగా తెరపై మచ్చ యేర్పడెను. రెండువందల గంటలు పథ్యము పాటించిన తెర, తరువాతి వేలగంటల అలవాటునకు బలియయ్యెను. కొత్తలో చూపు దయ మంచిదే. అది కొత్తతోనే తీఱిపోయినచో వేడుక యగును.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిను తుఫాను గోపాలపురము దగ్గఱ తీరము దాటెను. డొంకూరికి అది ఎంతో దూరము కాదు. తీరగ్రామముల జనులను ముందుగనే సురక్షితస్థలములకు తరలించిరి. అందువలన ప్రాణనష్టము చాలవఱకు తప్పినది. ఈ యింటివారు కదలబోవుముందు టెలివిజనును గోడనుండి దింపి, రెండు బొంతలు చుట్టి, అటుకమీది కెక్కించి, పైన టార్పాలిను కట్టిరి. కోడలి రేకుపెట్టె మంచము క్రిందనే యుండెను. పైకప్పు కొంత లేచిపోగా వానయంతయు ఇంటిలో కుఱిసెను. తిరిగి వచ్చునప్పటికి తెర పొడిగా నున్నది. రేకుపెట్టెలోని ఇంటర్మీడియేటు మార్కుల కాగితము, పదవతరగతి యోగ్యతాపత్రము నానిపోయి, సిరా ప్రాకియుండెను. పెట్టెను ఎత్తుమని ఆమె ఎందుకు చెప్పలేదని భర్త తరువాత అడిగెనట. అందఱు కంగారులో నుండగా తన కాగితముల మాట యెట్లెత్తుదునని ఊరకుంటి ననెనట. మేము పైన చెప్పిన ఓర్పు ఇదియే.

మేము రెండవమాఱు అక్కడికి పోయినది 2019 సంక్రాంతికి. అంతకు మూడు నెలలముందు, 2018 అక్టోబరు 11న, తిత్లీ తుఫాను పలాస ప్రాంతమున తీరము దాటి ఉద్దానమును ఊడ్చివేసినది. ఆ తీరమున కొబ్బరిచెట్లు తలలు విఱిగి నిలుచుండుటయు, జీడిచెట్లు వేళ్లతో పడియుండుటయు చూచితిమి. జీడియనగా నాటిన ఏడాదికి కాచు పంట కాదు. పెద్దచెట్టు పడినచో దాని యీడు చెట్టు మరల నిలుచుటకు ఏండ్లు పట్టును. కోడలి తండ్రి తోటయు పడినది. టెలివిజను కొఱకు తాకట్టు పెట్టిన ఖండములో ఒక్క చెట్టును మిగులలేదు. అప్పు మాత్రము వడ్డీతో నిలిచియుండెను.

ప్లాస్మా తెరకు లక్ష గంటల ఆయుర్దాయమని తయారీదారులు కొందఱు చెప్పుకొనెడివారు. దినమునకు ఎనిమిది గంటల చొప్పున అది 34 ఏండ్ల పైమాట. కాని పానసోనికు వారు 2013 ముగియుసరికే ప్లాస్మా తెరల తయారీ నిలిపిరి. సాంసంగు, ఎల్జీ వారును 2014లో మానిరి. పలుచనివియు, తక్కువ కరెంటు త్రాగునవియు అంగళ్లలో నిండెను. మేము చూచునప్పటికి ఆ పెట్టె ముందుగదిలో లేదు. కొబ్బరికాయలు పోసికొను కొట్టుగదిలో, పిల్లలు కార్టూనులు చూచుకొనుటకు పెట్టియుండిరి. ఆకాశమో సముద్రమో తెరపై వచ్చినప్పుడు, అడుగున వెలిసిన పట్టీయును, మూలను ఒక ముద్రయును స్పష్టముగా కనబడుచుండెను. పిల్లలకది అలవాటు. ఆకాశమునకు మూలను ముద్ర ఉండుట సహజమే యనుకొనుచున్నట్లుండిరి.

ఆ పిల్ల, ఇప్పుడు ఇద్దఱు బిడ్డల తల్లి, తన కాగితములకు నకళ్లు తెప్పించుకొన్నదని మా మిత్రుడు చెప్పెను. దరఖాస్తు వ్రాసినది ఆమెయే. బరంపురమునుండి వచ్చునప్పు డెల్ల, వ్రాసిపెట్టెదనని చిన్నవాడు అయిదేండ్లు చెప్పుచునే యుండెనట.

మూడవమాఱు 2021లో పోతిమి. చిన్నవానికి పెండ్లియై ఇరువది దినములు. ఈసారి సారెలో టెలివిజను రాలేదు. చిన్నవాడు వలదన్నాడని విని సంతోషించితిమి. అతడే తన జీతముతో ఒక పలుచని తెర కొనెను. ఆ మధ్యాహ్నము దానిని గోడకు బిగించుచుండెను. దానికి పథ్యమేమైన కలదా యని అడుగగా, ఈ రకమునకు ఏమియు అక్కఱలేదని నవ్వెను.

ఉదయము ఆఱు దాటువఱకు చిన్నకోడలు లేవనక్కఱలేదనియు, నెలదినములు నీళ్లు మోయవలదనియు పెద్దకోడలు కట్టడి చేసినదట. అత్తగారు మాయెదుటనే సణిగెను. "మాకెవురు సేసినారమ్మా ఇవన్నీ?" అనెను. ఇది తోసిపుచ్చదగిన మాట కాదు. ఆమె బావివద్ద సొమ్మసిల్లినప్పుడు ఎత్తినవారులేరు. తాను పడినది ఇంకొకరు పడనక్కఱలేదని ఒప్పుకొనుట, తాను పడినది ఊరకయే పడితినని ఒప్పుకొనుటయే కదా. డెబ్బదియేండ్ల వయసున అది ఎవరికైనను కష్టము. తాము పడిన బాధకు ఏదో ప్రయోజన ముండెనని నమ్మకొనుటకే పెద్దలు దానిని పిల్లలకు అందించుచున్నారేమో యని మాకు అప్పుడు తోచెను. ఆమెపై కోపము రాలేదు.

పెద్దకోడలు జవాబు చెప్పలేదు. ఉద్దానమున మూత్రపిండముల వ్యాధి భయము చేత అప్పటికి చాలమంది శుద్ధిచేసిన నీటినే త్రాగుచుండిరి. వీధిచివరనుండి ఇరువది లీటర్ల డబ్బాలను మోసి తేవలసి యుండెను. ఆ దినమునకు రెండు కావలసి యుండెను. చిన్నపిల్ల వంతును తన వంతునుకూడ ఆమెయే మోయ నారంభించినదని, మొదటి డబ్బా భుజముపై పెట్టుకొని ఆమె వాకిట అడుగు పెట్టునప్పుడుగాని మాకు తెలియలేదు. దయ చూపవలెనని కనిపెట్టినదియు ఆమెయే. దాని బరువు పడినదియు, ఓర్వగలదు గనుక, ఆమెమీదనే. తక్కినవారందఱము ముందుగదిలో కూర్చుండి, కొత్త తెర గోడకు సరిగా ఆనెనా లేదా యని చూచుచుంటిమి.

రెండవ డబ్బా ఇంకను వీధిచివరనే యున్నదని ఆమె అత్తగారితో చెప్పుచుండగా విని, దానిని తెమ్మని మేము చిన్నవానితో అంటిమి. అతడు స్క్రూ బిగించుట ఆపి మావంక చూచెను. ఒక మర బిగింపవలసి యున్నదనెను. అది ఎక్కడికిని పోదని మా మిత్రుడనెను. అతడు కొంచెముసేపు నిలుచుండి, చేతిలోని స్క్రూడ్రైవరును కిటికీలో పెట్టి, చొక్కా విప్పి తీగెపై వేసి, వాకిలి దిగి పోయెను.